తూర్పింట్లో మరిచిన సంచి

హావ్‌లాక్ దీవికి పోయి వచ్చామని తెలిసినవాళ్లు అడిగేది ఒకటే, రిసార్టు ఎట్లా ఉందని. రిసార్టు బాగానే ఉంది. రిసార్టులన్నీ బాగానే ఉంటాయి. మెత్తటి పరుపు, నీలం నీళ్ల కొలను, చేతిలో రంగు పానీయం పెట్టి నవ్వే మనుషులు. వాటి గురించి చదవాలంటే వేరే చోట బోలెడు ఉంది. నేను రాస్తున్నది అంతకు ముందు పోర్ట్ బ్లెయిర్ ఊళ్లో, లిఫ్టు లేని చిన్న హోటల్లో గడిపిన రెండు రాత్రుల గురించి. ఆ ఊరికి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మార్చారు గాని ఆటోవాళ్లు ఇంకా పాత పేరే అంటున్నారు. ఆ రెండు రాత్రులు అక్కడ ఉందామన్నందుకు ఇంటిల్లిపాదీ నన్ను చూసి నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు ఏ మాట అన్నారో నాకు గుర్తుంది.

తిట్లు చదివి ఎంచుకున్న హోటలు

మా అమ్మాయి పల్లవి, అల్లుడు కిరణ్ బెంగళూరులో ఉంటారు. పెళ్లై ఏడాది నిండుతోందని రెండు వైపుల తల్లిదండ్రులనూ హావ్‌లాక్‌లో ఒక రిసార్టుకు పిలిచారు. మాది నాచారం. వియ్యాలవారిది రామంతాపూర్, చెరువు పక్క వీధి. షేర్ ఆటో ఎక్కితే చాయ్ చల్లారేలోపు చేరొచ్చు. అయినా ఏడాదిలో మేం వాళ్లింటికి పోయింది లేదు, వాళ్లు మా ఇంటికి వచ్చింది లేదు. దానికి కారణాలున్నాయి.

మొదటి కారణం నాది. పెళ్లిలో వియ్యంకుడు ప్రసాదరావు గారు తన స్నేహితులకు నన్ను పరిచయం చేస్తూ, "మా బావగారు, రైల్వేలో ఏదో చేసేవారు" అన్నారు. ముప్పై ఏళ్లు పైగా వర్క్‌షాపులో చక్రాలు, బ్రేకులు పరీక్షించి సంతకం పెట్టిన మనిషిని. ఏదో చేశానట. రెండో కారణం మా ఆవిడ అనసూయది. అది నాదానికంటే పెద్దది. నిశ్చితార్థం రోజు బ్యాండు మోతలో వియ్యపురాలు వసుంధర గారు ఎదురొచ్చి పలకరిస్తే, అనసూయ పలకకుండా పక్కకు తిరిగి వెళ్లిపోయిందట. "పెళ్లికూతురి తల్లికి అంత పొగరేమిటి" అని ఆవిడ నలుగురిలో అన్నారు. ఆ మాటను మా బంధువులొకరు భద్రంగా మోసుకొచ్చి మాకు అప్పజెప్పారు. అసలు సంగతి ఏమిటంటే అనసూయకు వినపడలేదు. అప్పటికే చెవులు మందగిస్తున్నాయి. పెళ్లయ్యాక పరీక్ష చేయించి రెండు చెవులకూ మిషన్లు పెట్టించాం. వాటిని జుట్టు కింద దాచుకుంటుంది. వియ్యాలవారికి ఆ సంగతి చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. పొగరన్న నోటితోనే చెవిటిదని కూడా అనిపించుకోవడం దానికి ఇష్టం లేదు.

ఇక హోటలు సంగతి. అంతకు ముందొకసారి గోవా ప్యాకేజీలో పోయి, మూడు రోజులూ రిసార్టు ప్రహరీగోడనే చూసి వచ్చాం. గోడకు అవతల సముద్రం ఉందని చెప్పారు. క్షమాపణ ఉత్తరం వచ్చేదాకా నేను ఆ సంస్థకు రాస్తూనే ఉన్నాను. అందుకే ఈసారి ముందుగా రెండు రోజులు ఊళ్లో ఉండి దీవులు చూసి, ఆ తర్వాతే పరుపు మీద పడతానని పట్టుబట్టాను.

"నాన్నా, రిసార్టు ఉండంగ లాడ్జిల ఎందుకు? అత్తమ్మోళ్లు ఏమనుకుంటరు?" అంది పల్లవి ఫోనులో.

"ఏమన్న అనుకోనియ్. నేను జూసేది దీవులు, మంచాలు కాదు."

హోటల్ ఎంచుకోవడంలో నాదొక పద్ధతి. ఇంటర్నెట్‌లో జనం రాసే పొగడ్తలు చదవను. ఐదు చుక్కలకు ఒక్క చుక్క ఇచ్చి తిట్టినవాళ్లవే చదువుతాను. పొగిడేవాడికి ఏదో ఒక లాభం ఉంటుంది. తిట్టేవాడు ఉత్త పుణ్యానికి కూచుని అంత పొడుగు టైపు చేస్తాడు, అందుకని వాణ్నే నమ్ముతాను. అబర్డీన్ బజారు పక్కనున్న ఒక హోటల్ మీద ఉన్న తిట్లివి: తెల్లవారకముందే కాకులు లేపుతాయి, లిఫ్టు లేదు, పొద్దున రోజూ ఇడ్లీయే, ఓనరమ్మ గట్టిగా మాట్లాడుతుంది. నాచారంలో ఇవేవీ ఫిర్యాదులు కావు. వెంటనే గది తీసుకున్నాను.

తూర్పు దిక్కు

టికెట్ మీద తారీఖు చూసి అనసూయ తల పట్టుకుంది.

"సోమవారం తూర్పుకు పోవుడేంది? వారశూల ఎదురైతది."

సోమవారం, శనివారం తూర్పు దిక్కుకు బయలుదేరకూడదు. తప్పనిసరైతే ప్రస్థానం పెట్టాలి. అంటే ముందురోజే మంచి ఘడియ చూసి, ప్రయాణంలో వాడే వస్తువులు కొన్ని సంచిలో సర్ది, పోవాల్సిన దిక్కులో ఉన్న మరో ఇంట్లో ఉంచాలి. దాంతో ప్రయాణం ఆ రోజే మొదలైపోయినట్టు లెక్క. సంచిని మళ్లీ ఇంట్లోకి తేకూడదు. మర్నాడు పోతూ పోతూ దాన్ని తీసుకొని పోవాలి.

చిక్కంతా ఆ దిక్కుతోనే వచ్చింది. మాకు పడమటింటివాళ్లు మంచివాళ్లు. తూర్పింట్లో ఉండేది యాదగిరి. కాలనీ మీటింగులో అందరి ముందూ, "సారుకు పొద్దు వోదు, అందుకే రోజుకో కంప్లైంటు రాస్తడు" అని నవ్వించిన మనిషి. ఆ రోజు నుంచి నేను అతని గేటు ముట్టుకోలేదు.

"పడమటింట్ల పెట్టు," అన్నాను.

"తూర్పుకు పోతా పడమట పెడ్తరా? దేవుడు గుడ నవ్వుతడు," అంది అనసూయ. యాదగిరి భార్యతో దానికి స్నేహమే. నా పంతం నాదే, దాని స్నేహం దానిదే.

ఆదివారం సాయంత్రం ఒక పసుపు రంగు సంచి సర్దింది. పాత తువ్వాలు పెట్టి మోసం చేస్తే ఫలితం ఉండదట, నిజంగా అవసరపడేవే పెట్టాలట. ఒక చీర, పసుపు కుంకుమ పొట్లం, తన చెవి మిషన్ల ఛార్జింగ్ డబ్బా పెట్టింది. కళ్లజోడు డబ్బా అంత ఉంటుంది అది. రాత్రిళ్లు మిషన్లను అందులో పెడితే మర్నాడంతా పనిచేస్తాయి. ఆ మధ్యాహ్నమే నిండుగా ఛార్జి చేసుకుంది కాబట్టి సోమవారం రాత్రిదాకా ఫికర్ లేదు.

పొద్దున్నే క్యాబు వచ్చింది. పైపుల కోసం మా గల్లీ తవ్వి ఉందని డ్రైవరు మలుపు దగ్గరే ఆగిపోయి, లోపలికి రానన్నాడు. బండికి సరిపడా దారి ఉందని నేను చూపించాను. రానన్నాడు. ఆ మాటా మాటా అనుకోవడంలో సంచి అనసూయ తెచ్చుకుందని నేను, నేను తెచ్చానని అనసూయ అనుకున్నాం. యాదగిరి గేటు దగ్గరికి నేను పోనని దానికి తెలుసు కదా అని మీరడగవచ్చు. దాన్ని అడగండి. నా మట్టుకు తప్పు ఆ డ్రైవరుదే.

ఐదింటికే దీపాలు

విమానం దిగుతుంటే సముద్రం నెమలికంఠం రంగులో కనపడింది. అనసూయ కిటికీకి ముక్కు ఆనించి, కిందికి దిగేదాకా తీయలేదు. ఎండ మాత్రం మన ఉప్పల్ ఎండే, ఉక్కపోత దానికి తోడు. విచిత్రమంతా పొద్దు విషయంలో ఉంది. ఆ దీవులు అంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కాబట్టి, సాయంత్రం ఐదు దాటీ దాటకుండానే చీకటి పడుతుంది. మనింట్లో ఇంకా సాయంత్రం చాయ్ పొయ్యి మీద ఉండే వేళకు అక్కడ అంగళ్లలో దీపాలు వెలిగి, జనం రాత్రి భోజనం మాట ఎత్తుతారు.

హోటల్ ఓనరమ్మ పేరు లక్ష్మమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబం. ఆమె పుట్టింది ఇక్కడే, ఆ ఒడ్డు చూసింది రెండుసార్లేనట.

"ఏటి బాబూ, ఐద్రాబాదేనా? మెట్లు మెల్లగా ఎక్కండమ్మా, మూడోది కాస్త ఎత్తుంటాది!" అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచింది. ఒక్క చుక్క ఇచ్చినవాడు అబద్ధం చెప్పలేదు.

రాత్రి ఆమె వండిన చేపల పులుసుతో అన్నం తిన్నాం. మనిషికి రెండువందల యాభై. అదే ధరకు ఉప్పల్ రింగు రోడ్డులో ముక్క కోసం గిన్నెంతా వెతుక్కోవాలి. ఇక్కడ పళ్లెంలో ముక్కలు పోగా మిగిలిన చోట అన్నం పెట్టారు. చింతపండు మన కంటే తక్కువ, పచ్చిమిర్చి ఎక్కువ. తాగే నీళ్లలో చిటికెడు ఉప్పు రుచి ఉంది. ఆ సంగతి చెప్పాను. లక్ష్మమ్మ ఏమీ అనుకోకుండా వేరే బిందె నీళ్లు తెచ్చింది.

గదికి వచ్చాక అనసూయ చెవి దగ్గర చేయి పెట్టుకుంది. ఛార్జి అయిపోతుంటే మిషను లోపల కూత పెడుతుంది.

"సంచి ఎక్కడ వెట్టిన్రు?"

"నువ్వు తేలేదా?"

"మీరు తేలేదా?"

అనసూయ ఒక మిషను తీసి ఆపేసింది. రెండో దాంట్లో మిగిలిన కాస్త ఛార్జితో నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది.

"బుధవారం వియ్యాలోళ్లొస్తరు. ఒక్క టేబుల్ కాడ గూసొని తినాలె, ఒక్క పడవల పోవాలె. ఒక్కనాడు పలకకపోతేనే పొగరన్నరు. ఇప్పుడు నాలుగు దినాలు మూగదాని లెక్క నవ్వుకుంట గూసుంటే పిల్ల కాపురానికి ఏం పేరొస్తది? నేను రాను. బుధవారం నాకు వాపస్ టికెట్ జెయ్యుండ్రి. మీరు పోండ్రి."

దాని సంగతి నాకు తెలుసు. నేను పదిమందితో పోట్లాడి పైకి తేలతాను. అది ఎవరితోనూ ఏమీ అనదు, లోపలికి వెళ్లి తలుపేసుకుంటుంది. ఇప్పుడు పోతే మళ్లీ వియ్యాలవారి ముందుకు రాదు.

కంప్లైంట్ సారు

కాలనీ గ్రూపులో యాదగిరి నెంబరు వెతికి, ముప్పావు గంట ఆలోచించి ఫోను చేశాను.

"హలో, ఎవరు?"

"నేను, పక్కింటి సారును."

"ఎవరు, కంప్లైంట్ సారా?" అన్నాడు. ఆ మాటను కూడా గుర్తు పెట్టుకున్నాను. "సంచి గురించేనా సారు? పొద్దుగాలనే మా ఆమె జూసింది. మీరు ఇంకా ఎయిర్‌పోర్టు గుడ చేరకముందే ఫోన్ గొట్టినం. నా ఫోన్ పోతనే లేదు. అక్క ఫోన్ జేస్తే ఎత్తలే. మీరు నన్ను బ్లాక్ జేసిన్రట గద?"

బ్లాక్ చేసిన మాట నిజమే. ఎందుకు చేశానో ఆ కారణం కూడా నిజమే. అనసూయ ఫోనేమో పెట్టె అడుగున ఉంది.

"యాదగిరీ, అది మస్తు అవసరం. బుధవారం లోపల ఇక్కడికి రావాలె. ఈ దిక్కు వచ్చేటోళ్లు ఎవలన్న ఉంటే పంపు."

"ఫికర్ జేయకుండ్రి సారు. నేను జూసుకుంట."

అంతే అన్నాడు. ఎవరికి ఇవ్వకూడదో కూడా చెప్పాల్సింది. చెబితే ఎందుకని అడుగుతాడు. నేను చెప్పలేదు.

మంగళవారం పొద్దున కాకులు నిజంగానే లేపాయి. ఇడ్లీ తిని అబర్డీన్ బజారంతా తిరిగాం. గడియార స్తంభం దగ్గర ఫోన్ల దుకాణంలో అన్ని రకాల వైర్లూ చూపించారు. అది వైరుతో అయ్యే పని కాదు, ఆ మిషనుకు ఆ డబ్బానే కావాలి. మందుల దుకాణంలో ఒకాయన ఎవరికో ఫోను చేసి, ఆ రకం చెన్నై నుంచి తెప్పించాలని, వారం పడుతుందని చెప్పాడు. చెప్పినందుకు డబ్బు తీసుకోలేదు, పైగా ఎండలో తిరిగారని కూచోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. మా దగ్గర ఈమధ్య దుకాణాల్లో ఏదన్నా కొనేవాడికి తప్ప కుర్చీ కనపడటం లేదు. ఎంత వెతికినా ఆయన మీద ఫిర్యాదు ఏమీ దొరకలేదు.

రాస్ దీవి

జెట్టీ నుంచి పడవలో పావుగంట పోతే రాస్ దీవి. ఒకప్పుడు ఇంగ్లీషు దొరలు ఈ దీవులన్నింటినీ అక్కడి నుంచే ఏలారు. ఇప్పుడు చర్చీ, బేకరీ, నాట్యశాల అన్నీ పైకప్పుల్లేని గోడలే. ఆ గోడలను చెట్ల వేళ్లు చుట్టుకొని, జారిపోకుండా పట్టుకున్నట్టు ఉన్నాయి. ఇటుక ఎక్కడ ఆగి వేరు ఎక్కడ మొదలైందో తెలియదు. జింకలు మనుషులను చూసి పారిపోవు, జేబు వైపు చూస్తాయి. ఎండలో కొబ్బరిబోండాం అరవై. మన ఉప్పల్ చౌరస్తాలో దొరికేదానికంటే పది ఎక్కువ, నీళ్లు మాత్రం రెండింతలు.

అనసూయ ఆ ఒక్క మిషను కూడా ఆపేసి, ఛార్జి సాయంత్రానికి దాచుకుంది. టికెట్ దగ్గర వరస తప్పి ముందుకొచ్చిన వాళ్ల గురించి, గైడు సగం చెప్పి ఆపేసిన కథ గురించి నేను చెప్పబోయి ఊరుకున్నాను. చెప్పినా వినే మనిషి లేదు. అది నా చేయి పట్టుకొని వేలితో చూపించడం మొదలుపెట్టింది. గోడ పగుల్లో దూరిన ఉడుత. కిటికీ ఉండాల్సిన చోట చతురస్రంగా కనపడే సముద్రం. జింకపిల్ల వీపు మీద ఎండ మచ్చలు, వాటి పక్కనే అసలు మచ్చలు. దాని వేలు లేకపోతే వీటిలో సగం నాకు కనపడేవి కావు.

బేకరీ ముందు నిలబడి, తనకు వినపడదు కాబట్టి గొంతు పెంచి అడిగింది. "గింత మంచిగ కట్టుకొని గా దొరలు ఎందుకు ఇడిసిపెట్టి పోయిన్రు?"

పక్కనే ఎర్రచీర కట్టుకున్న ఒకామె తెలుగు వినేసరికి మొహం వెలిగిపోయి మా వైపు తిరిగింది. "భూకంపం వచ్చిందంట గదక్కా. మీది ఏ ఊరు?"

అనసూయ గోడనే చూస్తూ ముందుకు నడిచిపోయింది.

ఎర్రచీర ఆమె మొహంలో వెలుగు ఆరిపోవడం నేను పక్క నుంచి చూశాను. పెదవి బిగించింది. పక్కనున్న మనిషితో ఏదో అనడానికి తల తిప్పింది. ఆ తర్వాత ఏం మాట రాబోతుందో నాకు తెలుసు. ఏడాదిగా మా ఇంట్లో ఉంటున్న మాటే అది. వసుంధర గారి మొహం కూడా ఆ రోజు ఇట్లాగే అయ్యుంటుంది.

గబగబా రెండడుగులు వేసి, "అమ్మా, ఏమనుకోకు. ఆమెకు వినపడదు," అన్నాను. బయటివాళ్లతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"అయ్యో, గట్లనా! జెప్పాలె గదన్నా," అని ఆమె మళ్లీ నవ్వింది. తన సంచిలోంచి రెండు సకినాలు తీసి, పోయి అనసూయ చేతిలో పెట్టింది. వాళ్లది నల్లగొండ అని అనసూయకు సైగలతో ఎట్లా చెప్పిందో గాని, చెప్పేసింది. సముద్రం మధ్య దీవిలో, విరిగిన బేకరీ ముందు నిలబడి సకినాలు తిన్నాం.

ఇంటి మనుషులే గద

మంగళవారం చీకటి పడ్డాక యాదగిరి ఫోను చేశాడు. గొంతులో గెలిచిన సంబరం.

"ఇచ్చేసిన సారు! వేరేటోళ్లను ఎందుకు ఎతకాలె? మీ వియ్యాలోళ్లే రేపు అక్కడికి పోతున్రంట గద. పెండ్లినాడు సారె దించనీకి వొయ్యి ఇల్లు జూసిన, యాదికుంది. రామంతాపూర్ వొయ్యి ఆ అమ్మ చేతికే ఇచ్చి వచ్చిన. ఇంటి మనుషులే గద!"

రెండు మూడు సార్లు హలో అని పెట్టేశాడు. బండి మీద రామంతాపూర్ దాకా పోయొచ్చిన మనిషిని ఏమనను? అనడానికి చాలా ఉంది గాని, ఏదీ అనడానికి వీలైనది కాదు.

అనసూయకు చెప్పడానికి మిషను పెట్టుకోమని సైగ చేశాను. వింది. లేచి చీరలు మడతపెట్టసాగింది. అంటే పోతానని. లక్ష్మమ్మ భోజనం తెచ్చి, దాని మొహం చూసి, "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అరిచింది. మిషను తీసేసినా అనసూయకు ఆ ఒక్క గొంతు వినపడుతుంది.

"బాగనే ఉన్న. రేపు పోతున్న," అంది.

"పోతారు లెండి, ఎవులైనా పోవాల్సిందే. పులుసు సల్లారిపోతాది, ముందు తినండి!"

తిన్నాక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ముందు పెట్టాను. "జెట్టీ దాకా రా. సంచి తీసుకో. ఆ తర్వాత పోతానంటే నేనే విమానం ఎక్కిస్త." నేను వాపస్ టికెట్ చూడలేదు. చూడనని దానికి తెలుసు. అయినా తల ఊపింది.

జెట్టీ

బుధవారం మధ్యాహ్నం పడవ. పల్లవి, కిరణ్ అప్పటికే హావ్‌లాక్ చేరి మా కోసం చూస్తున్నారు. విమానాశ్రయం నుంచి నేరుగా జెట్టీకి వచ్చిన ట్యాక్సీలోంచి ముందు ప్రసాదరావు గారు దిగారు. "ఏం బావగారూ, లాడ్జీలో దోమలు కుట్టాయా?" అన్నారు. కుట్టలేదన్నాను. వెనకాల వసుంధర గారు దిగారు. పెట్టెలన్నీ డ్రైవరుకు వదిలేసి, మా పసుపు సంచిని మాత్రం రెండు చేతుల్తో పట్టుకున్నారు.

అనసూయ బెంచీ మీద తల వంచుకొని కూచుంది. ఒక మిషన్లో చివరి ఛార్జి మిగిలి ఉంది. నేను లేచి ఇద్దరికీ మధ్య నిలబడ్డాను. ఒక్క వెటకారం మాట వినిపిస్తే జెట్టీ అని కూడా చూడనని నిశ్చయించుకున్నాను.

వసుంధర గారు నన్ను తప్పుకొని, అనసూయ ముందు వంగి, అది తల ఎత్తేదాకా ఆగారు. ఎత్తాక మాట్లాడారు.

"వదిన గారూ, ఇదిగో మీ సంచి. విమానంలో పైన పెట్టమన్నారు, పెట్టలేదు. ఒళ్లోనే పెట్టుకున్నాను. మీ పక్కింటాయన చేతుల్లోంచి తీసుకుంటుంటే డబ్బా జారి పడింది. చూడగానే తెలిసిపోయింది. మా అమ్మకీ ఇలాంటిదే ఉండేది, పోయేదాకా నేనే పెట్టి తీసేదాన్ని. రాత్రంతా డబ్బాను ఛార్జింగులో పెట్టి తెచ్చాను."

అనసూయ చేయి తనంతట తానే జుట్టు సర్దుకోవడానికి పోయింది. సగంలో ఆగింది.

"నిశ్చితార్థం రోజు పలకరిస్తే మొహం తిప్పుకుని వెళ్లారు," అన్నారు వసుంధర గారు. "ఏడాది కడుపులో పెట్టుకున్నానండీ. ఈయన వద్దన్నా పెట్టుకున్నాను. రాత్రి ఆ డబ్బా చూస్తూ కూర్చుని, ఆ బ్యాండు మోత తలుచుకున్నాను. మీకు వినపడలేదు. కదా?"

"వినవడలే," అంది అనసూయ.

"అదే అనుకున్నాను!"

"పొగరని మీరన్నరట."

"అన్నాను. అనలేదని ఇప్పుడెందుకు అబద్ధం? నలుగురి ముందూ అన్నాను."

"నేను గుడ ఏడాది కడుపుల వెట్టుకున్న."

ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ముందు నవ్వారో చెప్పలేను. వసుంధర గారు కళ్లు తుడుచుకుంటూ, "ఒక్క మాట చెప్తే పోయేది కదా వదినా!" అన్నారు.

"మీరు ఒక్క మాట అడిగినా పోతుండె."

"సరే, చెరిసగం. ముందు ఆ చెవిలోది తీసి డబ్బాలో పెట్టండి. ఆగండి, ఆ వైపు కాదు, తిప్పి పెట్టాలి. మా అమ్మకీ ఇదే తంటా."

పక్కపక్కనే కూచుని డబ్బా మీద పచ్చదీపం వెలగడం చూస్తున్నారు. పోట్లాటకు సిద్ధంగా నిలబడ్డవాణ్ని, ఏం చేయాలో తోచక పోయి నలుగురికీ టీ తెచ్చాను. ప్రసాదరావు గారు టీ అందుకుంటూ పక్కనున్న ప్రయాణికుడితో, "మా బావగారు. రైల్వేలో ఏదో చేశారు," అన్నారు. అది మాత్రం నేను వదల్లేదు. వదలను కూడా.

పైన డెక్కు మీద

పడవ హావ్‌లాక్ వైపు తిరిగాక పైకి పోనిచ్చారు. నీళ్లు మొదట పచ్చగా, ఆ తర్వాత చిక్కటి నీలంగా మారాయి. చిన్న చేపలు నీళ్లలోంచి లేచి, రాయి విసిరినట్టు దూరంగా పోయి పడుతున్నాయి. అవి రెక్కల చేపలని పడవవాళ్లు చెప్పారు. అప్పటికి కొంత ఛార్జి ఎక్కింది కాబట్టి అనసూయ రెండు మిషన్లూ పెట్టుకుంది. జుట్టు వెనక్కి ముడి వేసుకుంది. ఇద్దరూ చువ్వల పక్కన నిలబడ్డారు. వాళ్ల వెనకాల బెంచీ మీద నేను.

వసుంధర గారు మాట మొదలుపెడితే ఆపరని అప్పుడే తెలిసింది. పల్లవికి వంట రాదని, కిరణ్‌కు అసలే రాదని, ఇద్దరూ ఫోనులో తనను అడిగి పప్పు చేసుకుంటారని చెబుతున్నారు. అనసూయ ఒక్కో మాటకూ నవ్వుతోంది, తిరిగి అడుగుతోంది. ఏడాదిలో దాని నోట అన్ని ప్రశ్నలు నేను వినలేదు.

పడవ దీవి చాటు దాటేసరికి గాలి జోరందుకుంది. అనసూయ మొహం చిట్లించి చెవికి చేయి అడ్డం పెట్టుకుంది. గాలి నేరుగా తగిలితే ఆ మిషన్లలో హోరు తప్ప ఇంకేదీ వినపడదు.

వసుంధర గారు చూశారు. చెబుతున్న మాట ఆపకుండానే అనసూయ వెనక నుంచి చుట్టూ తిరిగి, గాలి వచ్చే వైపుకు పోయి నిలబడ్డారు. కొంగు విప్పి భుజం మీదుగా తెర లాగా పట్టుకొని, "అప్పుడు మీ అల్లుడేమన్నాడంటే" అని అందుకున్నారు. అనసూయ చెవి మీద నుంచి చేయి దించింది.

ఆ కొంగు చివర గాలికి ఎగిరి ఎగిరి నా మొహానికి కొడుతోంది. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. హావ్‌లాక్ వచ్చేదాకా జరగమని అనలేదు.